మేపుల్ బార్లలో మీ ఇంటికి ఏది సరిపోతుంది?

ఒకే ట్రేలో కాల్చి, చల్లారిన తరువాత చతురస్రాలుగా కోసుకునే తీపి ముక్కలను బార్లు అంటారు. కుకీల మాదిరిగా ఒక్కొక్క ఉండా చేత్తో వత్తి పేర్చనక్కరలేదు, కేకు మాదిరిగా పొంగిందా కుంగిందా అని ఓవెన్ ముందు కాపలా కాయనక్కరలేదు. కలపడం, పరచడం, కాల్చడం, కోయడం అన్నవి విడివిడి పనులు కాబట్టి ఇంట్లో ముగ్గురు నలుగురు కలిసి పంచుకోవడానికి ఇంతకంటే అనువైన బేకింగ్ మరొకటి కనబడదు. చలికాలపు సాయంత్రం తలుపులు మూసుకుని అందరూ వంటింట్లో చేరినప్పుడు మేపుల్ చెట్టు రసాన్ని కాచి చేసిన మేపుల్ సిరప్ అనే తీపి పాకం వేడెక్కుతున్న వాసన ఇల్లంతా పరుచుకోవడం ఒక సుఖం.

అయితే మేపుల్ బార్లు అన్న పేరు కింద ఒకదానికొకటి పోలికే లేని వంటకాలు చాలా ఉన్నాయి. పేరులోనే ఒక తికమక కూడా ఉంది. అమెరికా పశ్చిమ తీరంలో మేపుల్ బార్ అని అడిగితే పొడవాటి డోనట్ ఇస్తారు. అది ఈస్ట్ పిండితో చేసి నూనెలో వేయించి, పైన మేపుల్ పూత పూసినది. ఇక్కడ చెప్పబోయేది దాని గురించి కాదు. ఓవెన్‌లో కాల్చే బార్లలో మెత్తగా సాగే బ్లాండీలు (కోకో వేయని బ్రౌనీలు), ఓట్స్ బార్లు, వాల్‌నట్‌ను పోలిన పీకన్ పప్పు పైపొర ఉన్న షార్ట్‌బ్రెడ్ (వెన్న బిస్కట్టు) బార్లు, చీజ్‌కేక్ బార్లు అనే నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. నా మటుకు నేను వీటిని రుచిని బట్టి ఎంచుకోను. వంటింట్లో నా పక్కన ఎవరు నిలబడతారు, వాళ్ళు ఎంతసేపు ఆగగలరు అన్న రెండు సంగతులే నా ఎంపికను నిర్ణయిస్తాయి. ఎందుకంటే మేపుల్ రుచి ఏ బారును ఎంచుకున్నామన్న దానికంటే, సిరప్‌ను ఎక్కడ పోశామన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది.

ముందు సీసా సంగతి

ఏ బారు చేసినా మొదటి ఎంపిక సిరప్‌దే. అసలైన మేపుల్ సిరప్ అంటే మేపుల్ చెట్టు, ముఖ్యంగా షుగర్ మేపుల్ అనే రకం చెట్టు మాను నుంచి కారే రసాన్ని మరిగించి చిక్కబరచినది. అందులో వేరే ఏదీ కలపరు. రాత్రిళ్ళు గడ్డకట్టే చలి, పగళ్ళు కొద్దిపాటి వెచ్చదనం ఉండే చలికాలపు చివరి వారాల్లోనే ఆ రసం కారుతుంది. రసంలో చక్కెర రెండు శాతం దగ్గరలోనే ఉంటుంది కనుక, ఒక లీటరు సిరప్ కావాలంటే సుమారు 40 లీటర్ల రసం మరగాలి. ప్రపంచంలో తయారయ్యే సిరప్‌లో అత్యధిక భాగం కెనడాలోని క్యుబెక్ నుంచి వస్తుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానిది మొదటి స్థానం. అంత రసం, అంత వంటచెరకు, అంత శ్రమ ఉన్న వస్తువు కాబట్టే దాని ధర అలా ఉంటుంది.

దాని పక్కనే, తరచుగా అదే రంగులో, అదే ఆకారపు సీసాలో పాన్‌కేక్ సిరప్ కనబడుతుంది. అది చాలావరకు మొక్కజొన్న నుంచి తీసిన తీపి పాకానికి రంగు, సువాసన చేర్చినది. లేబుల్ మీద పదార్థాల జాబితా చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: అసలైన దానిలో ఒకే ఒక్క పదార్థం ఉంటుంది. పాన్‌కేక్ సిరప్‌తో బార్లు కుదరవని కాదు. అది చిక్కగా ఉండడం వల్ల ఓట్స్ బార్లలో పట్టు ఇంకా బాగానే వస్తుంది. కాని తినేవాళ్ళకు తీపి తెలుస్తుంది, చెట్టు తెలియదు.

మూడో దారి మేపుల్ ఎసెన్స్. ఇక్కడ ఒక ముచ్చటైన సంగతి ఉంది. మేపుల్ సిరప్‌కు ఆ పరిమళం ఇచ్చే పదార్థాలలో సోటోలాన్ అనేది ఒకటి, మెంతులకు వాటి వాసన ఇచ్చేది కూడా అదే. అందుకే కృత్రిమ మేపుల్ సువాసన తయారీలో మెంతుల సారాన్ని వాడడం మామూలే. న్యూయార్క్ నగరంలో 2005 నుంచి కొన్నేళ్ళ పాటు ఉన్నట్టుండి ఊరంతా మేపుల్ సిరప్ వాసన వచ్చి జనం కంగారుపడుతుండేవారు. అది పక్క రాష్ట్రమైన న్యూజెర్సీలో మెంతులను శుద్ధిచేసే ఒక కర్మాగారం నుంచి గాలికి కొట్టుకువస్తోందని 2009లో అధికారులు తేల్చారు. ఎసెన్స్‌ను తక్కువగా చూడవలసిన పని లేదు. పిండి ముద్దలో అర టీస్పూను వేస్తే, ఓవెన్ వేడికి పలచబడిన సిరప్ వాసనకు అది వెనుక నుంచి దన్నుగా నిలుస్తుంది. టీస్పూను దాటితే మాత్రం మందుసీసా మూత తీసినట్టుంటుంది.

అసలైన సిరప్‌లోనూ నాలుగు మెట్లు ఉన్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ 2015లో సవరించిన ప్రమాణాల ప్రకారం చిల్లరగా అమ్మే మంచి సిరప్ అంతా గ్రేడ్ ఏ కిందికే వస్తుంది. అందులో గోల్డెన్, యాంబర్, డార్క్, వెరీ డార్క్ అని రంగును బట్టి విభజిస్తారు. కాలం మొదట్లో తీసిన రసం లేత రంగు సిరప్ అవుతుంది, ఎండ ముదిరి కాలం ముగిసే వేళకు తీసినది ముదురు రంగు సిరప్ అవుతుంది. రంగు లేతగా ఉన్నదే మేలురకమని చాలామంది అనుకుంటారు. నేరుగా పోసుకుని తినడానికి అది నిజం కావచ్చు. బేకింగ్‌కు మాత్రం లెక్క తలకిందులవుతుంది: వెన్న, మైదా, బ్రౌన్ షుగర్ మధ్య గోల్డెన్ సిరప్ గొంతు వినబడనే వినబడదు. డార్క్ తీసుకోండి, దొరికితే వెరీ డార్క్ ఇంకా మంచిది. పాత వంటపుస్తకాలలో గ్రేడ్ బీ అని రాసి ఉంటే అది ఈ ముదురు రకానికి పాత పేరు. నాసిరకమని అర్థం కాదు.

మేపుల్ షుగర్ అనేది సిరప్‌లోని నీరంతా ఇగిరిపోయేదాకా మరిగించి, కలియబెట్టి పొడి చేసినది. మామూలు చక్కెర స్థానంలో అంతే కొలతలో వేసుకోవచ్చు. ఖరీదు ఎక్కువ కాబట్టి పిండిలో కుమ్మరించవద్దు, కాల్చేముందు పైన చల్లడానికి రెండు చెంచాలు చాలు.

చక్కెర తీసి సిరప్ పోస్తే ఏమవుతుంది

మొదటిసారి నేను చేసిన పొరపాటు ఇదే, అందుకని కాస్త విడమరచి చెబుతాను. బ్లాండీల కొలతల్లో ఒక కప్పు బ్రౌన్ షుగర్ అని ఉంటే, మేపుల్ రుచి దండిగా ఉండాలన్న ఆశతో దాని బదులు కప్పు నిండా సిరప్ పోశాను. పిండి ముద్ద దోసెల పిండిలా జారింది. ఓవెన్‌లో పావుగంట తిరక్కముందే అంచులు నల్లబడ్డాయి. నడిమధ్య మాత్రం నలభై నిమిషాలైనా తడితడిగానే ఉండిపోయింది. పిల్లలు అంచులు వదిలేసి నడిమి భాగాన్ని చెంచాలతో తోడుకుని పాయసమని పేరు పెట్టి తిన్నారు.

కారణం చిన్నదే. మేపుల్ సిరప్‌లో మూడింట రెండు వంతులు చక్కెర, మిగతాది దాదాపు అంతా నీరు. ఒక కప్పు సిరప్ సుమారు 315 గ్రాములు తూగుతుంది, అంటే నాకు తెలియకుండానే నూరు గ్రాముల నీటిని ముద్దలో కలిపాను. బ్లాండీలు మెత్తగా, సాగుతూ ఉండడానికి కారణం వాటిలో నీరు తక్కువగా ఉండడమే. ఆ నీరు ఎక్కువైతే అవి నాసిరకం కేకు అవుతాయి. చక్కెర మొత్తాన్నీ సిరప్‌తో మార్చవలసి వస్తే కప్పుకు ముప్పావు కప్పు చొప్పున వేసి, వంటకంలో పాలు, నీరు వంటి ద్రవం ఏదైనా ఉంటే మూడు టేబుల్ స్పూన్లు తగ్గించి, ఓవెన్ వేడిని 10 నుంచి 15 డిగ్రీలు తగ్గించాలన్నది వాడుకలో ఉన్న లెక్క. బ్లాండీల్లో తగ్గించడానికి వేరే ద్రవమే ఉండదు కనుక అక్కడ ఈ లెక్క పనిచేయదు. చక్కెరలో పావు వంతు మాత్రమే సిరప్‌గా మార్చుకోవడం నేను పట్టుకున్న హద్దు.

బ్లాండీలు

కోకో లేని బ్రౌనీలనుకుంటే చాలు. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకు 115 గ్రాముల వెన్న, 150 గ్రాముల బ్రౌన్ షుగర్, 60 మిల్లీలీటర్ల సిరప్, ఒక గుడ్డు, మరో గుడ్డు పచ్చసొన, 150 గ్రాముల మైదా, అర టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను ఉప్పు, గుప్పెడు వాల్‌నట్ ముక్కలు సరిపోతాయి. 175 డిగ్రీల వద్ద 22 నుంచి 26 నిమిషాలు పడుతుంది.

వీటిలో అసలు కిటుకు వెన్నలో ఉంది. వెన్నను ఊరికే కరిగించి వదిలేయకుండా సన్నని సెగ మీద కాచాలి. మొదట చిటపటలాడుతుంది, అది వెన్నలోని నీరు పోతున్న చప్పుడు. చప్పుడు సన్నగిల్లాక నురగ లేస్తుంది, నురగ కింద అడుగున చిన్న చిన్న రేణువులు గోధుమరంగుకు తిరుగుతాయి, వేయించిన పప్పుల వాసన వస్తుంది. ఆ క్షణానే దింపి వేరే గిన్నెలోకి వంచెయ్యాలి. అదే గిన్నెలో ఉంచితే గిన్నె వేడికే మాడిపోతుంది. వెన్నలో ఆరో వంతు వరకు నీరే ఉంటుంది, అది కాచడంలో పోతుంది కాబట్టి మనం పోసే సిరప్‌లోని నీటికి చోటు దొరుకుతుంది. కాచిన వెన్న వాసన మేపుల్ వాసనకు తోబుట్టువులా కలిసిపోతుంది. నాలుగు రకాల్లోనూ రుచికి నేను మొదటి పీట వేసేది దీనికే.

పిల్లలతో చేసేటప్పుడు వెన్న కాచే పని పెద్దవాళ్ళదే. పదేళ్ళు దాటిన పిల్లలైతే పక్కన నిలబెట్టుకుని చూపించవచ్చు. మా పెద్దమ్మాయికి ఇప్పుడు ఆ పని అప్పగించాను, గిన్నె మీదికి వంగి చెవి పెట్టి వింటూ, "చప్పుడు ఆగింది, దించెయ్యనా అమ్మా?" అని అడుగుతుంది. రంగు చూసి దించేకంటే చప్పుడు విని దించడమే నమ్మకమని తనే కనిపెట్టింది, నల్లటి గిన్నెల్లో రంగు ఎటూ కనబడదు కదా.

బ్లాండీలతో ఉన్న చిక్కు ఏమిటంటే, కాలాయా లేదా అన్నది తేల్చుకోవడం కష్టం. టూత్‌పిక్ గుచ్చితే శుభ్రంగా బయటికి వచ్చిందంటే అప్పటికే ఎక్కువ కాలాయని లెక్క. అంచులు ట్రే నుంచి విడివడి, పైన పలుచని పెంకు మెరుస్తూ, గుచ్చిన పుల్లకు తడిగా ఉన్న చిన్న తునకలు అంటుకుని వస్తే తీసెయ్యాలి. తీశాక గంటసేపు ముట్టకూడదు. వేడి మీద కోస్తే ముక్కలు రావు, ముద్దలు వస్తాయి. ఆ గంట ఆగలేని వాళ్ళు ఇంట్లో ఉంటే ఈ రకం జోలికి పోకపోవడమే మంచిది.

ఓట్స్ బార్లు

గుడ్డు అక్కరలేదు, మైదా అక్కరలేదు, బీటరు అక్కరలేదు. 250 గ్రాముల ఓట్స్, 120 గ్రాముల వెన్న, 120 మిల్లీలీటర్ల సిరప్, 60 గ్రాముల బ్రౌన్ షుగర్, చిటికెడు ఉప్పు ఉంటే చాలు. వెన్న, సిరప్, చక్కెర కలిపి కరిగించి ఓట్స్ మీద పోసి, ట్రేలో గట్టిగా అదిమి, 170 డిగ్రీల వద్ద 25 నుంచి 30 నిమిషాలు కాలుస్తారు.

నాలుగైదేళ్ళ పిల్లలతో చేయడానికి ఇదే తగినది. పచ్చి పిండి వేళ్ళకు అంటుకుంటే నాకే వయసు అది. పచ్చి గుడ్డులోనే కాదు, కాల్చని మైదాలో కూడా కడుపు నొప్పి, విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు ఉండవచ్చు. ఈ రకంలో ఆ రెండూ లేకపోవడం వల్ల ఆ బెంగ చాలావరకు తగ్గుతుంది. ఇందులో పిల్లలు నిజంగా చేయగల పని కూడా ఉంది. మా చిన్నవాడికి అడుగు చదునుగా ఉన్న గ్లాసు ఒకటి ఇచ్చి, ట్రేలో ఓట్స్ మీద బేకింగ్ పేపర్ పరచి, దానితో అదమమంటాను. మూలల దగ్గర మొదలుపెట్టి, నాలుక బయటపెట్టి, శరీరం బరువంతా గ్లాసు మీద వేసి అదుముతాడు. వాడి కంటికి ఆట. బారుకు అదే ప్రాణం. సరిగ్గా అదమని ఓట్స్ బారు కోసేటప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది.

మేపుల్ సిరప్ తేనె కంటే పలచన, జిగురు తక్కువ, అందుకే ఈ పొడిపొడి బాధ మేపుల్ ఓట్స్ బార్లకు మామూలు కంటే ఎక్కువ. దీనికి రెండు మందులున్నాయి. ఓట్స్‌లో నాలుగో వంతును మిక్సీలో పొడి చేసి కలపడం ఒకటి. వెన్న, సిరప్, చక్కెర కరిగించి ఊరుకోకుండా రెండు నిమిషాల పాటు మరగనిచ్చి కాస్త పాకం పట్టడం రెండోది. రెండూ చేస్తే ఇక భయం లేదు. ఆ పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ, ఓట్స్ మీద పోసి కలిపాక గోరువెచ్చగా అయ్యేవరకూ చిన్నపిల్లలను దూరంగా ఉంచండి. చక్కెర పాకం చర్మానికి అంటుకుంటే వేడినీటి కంటే ఘోరంగా కాలుతుంది.

రుచి విషయంలో దీనికి రెండో స్థానమే ఇస్తాను. ఓట్స్ వాసన ముందుకు వచ్చి మేపుల్‌ను కాస్త వెనక్కి నెడుతుంది. నిలవలో మాత్రం దీన్ని మించినది లేదు, గాలి చొరని డబ్బాలో వారం పాటు చక్కగా ఉంటుంది. గుడ్డు తినని వాళ్ళున్న ఇంటికి ఇదే మొదటి ఎంపిక. గోధుమ పడని వాళ్ళ కోసం చేస్తే, ఓట్స్ పొట్లం మీద గ్లూటెన్ (గోధుమలో ఉండే జిగురు పదార్థం) లేదన్న మాట ఉందో లేదో చూడాలి, ఎందుకంటే మామూలు ఓట్స్ గోధుమతో కలిసిపోవడం తరచుగా జరుగుతుంది.

పీకన్ షార్ట్‌బ్రెడ్ బార్లు

చూడముచ్చటగా ఉండేవి ఇవి. కింద వెన్న బిస్కట్టు వంటి పొర, పైన మేపుల్ పాకంలో మునిగిన పీకన్ పప్పులు. పని కూడా అంతే ఉంది. అడుగు పొరను విడిగా 18 నుంచి 20 నిమిషాలు కాల్చాలి, అంచులు బంగారు రంగు తిరిగాకే పైపొర పోయాలి, లేకపోతే పాకం కిందికి దిగి బిస్కట్టు నానిపోతుంది. వెన్న, బ్రౌన్ షుగర్, సిరప్, కొద్దిగా క్రీము కలిపి ఒక్క పొంగు రానిచ్చి, పప్పులు కలిపి పోసి, మళ్ళీ 18 నుంచి 20 నిమిషాలు. పైన అంతటా బుడగలు లేచి, నడిమధ్య కూడా ఉడుకుతూ కనబడితే అయినట్టు. అంచులు మాత్రమే ఉడుకుతుంటే ఇంకా ఆగాలి, లేకపోతే నడిమి ముక్కలు చల్లారినా గట్టిపడవు.

రెండుసార్లు కాల్చడం, మధ్యలో మరిగే పాకం, చివర పూర్తిగా చల్లారేదాకా రెండు గంటలు ఆగడం: ఇది చిన్నపిల్లల పని కాదు. పదిహేనేళ్ళ పిల్లలూ, ఓపిక ఉన్న పెద్దవాళ్ళూ కలిసి ఒక మధ్యాహ్నమంతా గడపడానికి బాగుంటుంది. పప్పులు చిదిమి ముక్కలు చేసే పనిలో మా అమ్మను కూర్చోబెడితే కబుర్లు కూడా సాగుతాయి. మనవడు మాత్రం నిమిషానికోసారి వచ్చి, "ఇంకెంతసేపు అమ్మమ్మా?" అని చేయి చాపుతాడు, ఆవిడ ఒక పప్పు పెట్టి పంపుతుంది, చివరికి పైపొరలో పప్పులు తక్కువపడతాయి. అందుకని నేను యాభై గ్రాములు ఎక్కువే తూస్తాను.

పప్పులు పడని వాళ్ళు ఒక్కరున్నా ఈ రకాన్ని పక్కన పెట్టండి. బ్లాండీల్లోనైతే వాల్‌నట్లు మానేస్తే సరిపోతుంది, ఇందులో పప్పులు తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. తీపి కూడా నాలుగింటిలోనూ దీనిదే ఎక్కువ, కాబట్టి ముక్కలు చిన్నవిగా కోయండి. ఉప్పు మరచిపోవద్దు.

చీజ్‌కేక్ బార్లు, ఓవెన్ అక్కరలేని బార్లు

చీజ్‌కేక్ బార్లు చేసిన రోజు తినేవి కావు. 160 డిగ్రీల వద్ద అరగంట పైన కాల్చి, నడిమధ్య ఇంకా కొద్దిగా వణుకుతుండగానే తీసి, చల్లార్చి, కనీసం ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. మర్నాడు అతిథులు వస్తున్నారంటే మంచి ఎంపికే. పిల్లలతో కలిసి చేసి వెంటనే తిందామనుకుంటే నిరాశే. క్రీమ్ చీజ్ పులుపు మీద మేపుల్ రుచి బాగా నిలబడుతుందన్నది దీని గొప్ప. చీజ్, గుడ్లు ఫ్రిజ్ నుంచి గంట ముందే తీసి పెట్టుకోకపోతే ఉండలు కడుతుంది.

మరమరాలనో, మొక్కజొన్న రేకులనో సిరప్‌తో కలిపి అచ్చు వేసే బార్లు కూడా ఉన్నాయి. సిరప్‌ను అలాగే పోస్తే అవి అతుక్కోవు, మెత్తబడతాయి. ఉండపాకం దాకా, అంటే 112 నుంచి 115 డిగ్రీల దాకా మరిగించి పోయాలి, లేదా వేరుశనగ వెన్న వంటి చిక్కటిది తోడు కావాలి. పిల్లల కోసం సులువుగా ఉంటుందని మొదలుపెట్టి మరిగే పాకంతో తేలే వంట ఇది, అందుకని నేను పెద్దగా సిఫారసు చేయను.

సిరప్ పిండిలోనా, పైనా?

సిరప్ ఎక్కడ పోశామన్నదే ముఖ్యమని మొదట అన్నాను కదా. మేపుల్ పరిమళంలో చాలా భాగం వేడికి ఆవిరయ్యే స్వభావం గలది. ఓవెన్‌లో బార్లు కాలుతున్నప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే, ఆ వాసన ముక్కలోంచి బయటికి పోతోందని అర్థం. అందుచేత మీ దగ్గర ఉన్న సిరప్ కొద్దిగానైతే, పిండిలో పోయడం తగ్గించి పైపూతకు దాచుకోండి.

పైపూతకు 30 గ్రాముల వెన్న, 80 మిల్లీలీటర్ల సిరప్ కలిపి, వెన్న కరిగేంతవరకే సన్నసెగ మీద ఉంచి దించాలి. దానిలో జల్లించిన ఐసింగ్ షుగర్ 120 గ్రాములు, చిటికెడు ఉప్పు వేసి ఉండలు లేకుండా కలపాలి. జల్లించడం తప్పనిసరి; ఒకసారి ఉండ కట్టాక ఎంత కలిపినా విడిపోదు. గోరువెచ్చగా ఉండగా పలచగా జారుతుంది, చల్లారేకొద్దీ చిక్కబడి, బారు మీద అరగంటలో ఆరి, వేలితో తాకితే అంటని పొర అవుతుంది. బార్లు వేడిగా ఉండగా పోస్తే లోపలికి ఇంకిపోయి కనబడకుండా పోతుంది. పూర్తిగా చల్లారిన తరువాత పిల్లల చేతికి ఒక ఫోర్క్ ఇచ్చి, పూతలో ముంచి ట్రే మీద అటూ ఇటూ ఊపమనండి. గీతలు వంకరగా పడతాయి, బల్ల మీద కొన్ని, చొక్కా మీద కొన్ని పడతాయి. ఈ పని కోసమే వాళ్ళు మిగతా గంట ఓర్చుకుంటారు.

ఈ పూత బ్లాండీలకు, ఓట్స్ బార్లకు చక్కగా కుదురుతుంది. పీకన్ బార్ల మీద వద్దు. చీజ్‌కేక్ బార్ల మీద తినేముందు నేరుగా సిరప్ పోసుకుంటే అదే చాలు, అక్కడైతే లేతరంగు సిరప్ కూడా దాని సొగసు చూపిస్తుంది.

ట్రే ఎంపిక

ట్రే మారితే అదే కొలత వేరే వంట అవుతుంది. 20 సెంటీమీటర్ల చదరపు ట్రే వైశాల్యం 400 చదరపు సెంటీమీటర్లు. 23 సెంటీమీటర్లదైతే 529. చూపుకు చిన్న తేడాలా అనిపించినా మూడో వంతు ఎక్కువ, కనుక బ్లాండీలు పలచబడి, ఐదారు నిమిషాల ముందే కాలి గట్టిపడతాయి. కొలతలు రెట్టింపు చేయాలనుకుంటే 23కు 33 సెంటీమీటర్ల ట్రే దాదాపు సరిగ్గా సరిపోతుంది.

లేతరంగు లోహపు ట్రే అన్నిటికీ మంచిది. నల్లటి ట్రే అడుగును తొందరగా మాడుస్తుంది, సిరప్‌లోని చక్కెర దానికి తోడవుతుంది. గాజు ట్రే నిదానంగా వేడెక్కి, ఓవెన్ నుంచి తీసిన తరువాత కూడా చాలాసేపు వేడిని వదలదు, అందుకని గాజులో చేస్తే వేడి 10 నుంచి 15 డిగ్రీలు తగ్గించి ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. గాజే ఉంటే ఓట్స్ బార్లు చేయండి, బ్లాండీలు వద్దు. ట్రే ఏదైనా, రెండు వైపులా చెవుల్లా పైకి వచ్చేట్టు బేకింగ్ పేపర్ పరిస్తే చల్లారాక మొత్తం పలకను ఎత్తి బల్ల మీద పెట్టి కోయవచ్చు. కత్తిని వేడినీటిలో ముంచి, తుడిచి, ఒక్కో కోతకూ అలాగే చేస్తే అంచులు నున్నగా వస్తాయి.

ఏది ఎప్పుడు

బడికి వెళ్ళని చిన్నపిల్లలు ఉన్న ఇల్లు, చేతిలో ఉన్నది గంటసేపు, లేదా గుడ్డు తినని వాళ్ళున్నారు అంటే ఓట్స్ బార్లు. ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలు ఉండి, మేపుల్ రుచి ముఖ్యమనుకుంటే బ్లాండీలు, పైన పూతతో సహా. గుడ్డు పగలగొట్టడం, తూకం వేయడం, పూత చిమ్మడం వాళ్ళ వంతు, వెన్న మీ వంతు. ఎవరికైనా కానుకగా ఇవ్వాలంటే పీకన్ షార్ట్‌బ్రెడ్, అవి డబ్బాలో పేర్చినా చెదరవు. రేపటి విందుకు ఈ రోజే చేసి నిశ్చింతగా ఉండాలంటే చీజ్‌కేక్ బార్లు. మేపుల్ సిరప్‌తో మొదటిసారి చేస్తున్న వాళ్ళకు నా సలహా ఒక్కటే: ముందు ఓట్స్ బార్లతో సిరప్ స్వభావం తెలుసుకుని, తరువాతి వారం బ్లాండీలకు రండి. నేను తిరగేసి చేసి పాయసం తిన్నాను.

మిగిలిన సిరప్ సీసా మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉండాలి, అందులో నిలవ ఉంచే మందులేవీ లేవు కనుక బయట ఉంటే పైన బూజు పడుతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టినా చక్కెర ఎక్కువ కాబట్టి రాయిలా గడ్డకట్టదు, చిక్కబడి అలాగే ఉంటుంది. బ్లాండీలు మూడు నాలుగు రోజులు డబ్బాలో మెత్తగా ఉంటాయి, విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు ఉంటాయి. ఫ్రీజర్‌లో పెట్టదలచిన ముక్కలకు పైపూత పూయకండి. బయటికి తీసి చలి విడిచాక పూస్తే అప్పుడే చేసినట్టుంటాయి, ఫోర్క్ పట్టుకోవడానికి పిల్లలు మళ్ళీ వచ్చి నిలబడతారు.